గడియ లాగకుండా తూటా రాదు

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికాలో మనవాడొకడు కొత్త రైఫిల్ కొని జింక వేటకెళ్ళే నీ కథ అందింది. ఏడో పేజీలో ఆగిపోయాను. "ట్రిగ్గర్ నొక్కాను. తుపాకీ గర్జించింది. వేడి తూటా ఎగిరొచ్చి నా బూటు పక్కన పడింది" అన్నావు. ఎలా పడింది నాయనా? నీ కథలోవాడు కొన్నది బోల్ట్ యాక్షన్ రైఫిల్. పేలాక ఖాళీ తూటా (గుండు పోగా మిగిలిన తొడుగు) గొట్టం వెనకున్న ఛాంబర్‌లోనే కూర్చుంటుంది. చేత్తో పిడి ఎత్తి వెనక్కి లాగేదాకా అది కదలదు. దానంతటది ఎగిరిపడేది సెమీ ఆటోమేటిక్‌లోనూ, సినిమాల్లోనూ. టిక్కా టీ3ఎక్స్ అందం గురించి రెండు పేజీలు రాసి, ఆ తుపాకీకి ఉన్న ఒకే ఒక్క పనిని మర్చిపోయావు.

వస్తువు మీద రాసేవాడికి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: విశేషణాలు పక్కన పెట్టు, చేతులకి పని చెప్పు. కొత్త తుపాకీని మొదట చూసేది కన్ను కాదు, అరచెయ్యి. "నల్లని మృత్యుసౌందర్యం" అని రాస్తే నాకు ఏమీ కనిపించలేదు. "మ్యాగజైన్ ప్లాస్టిక్‌దని తెలిసి మనసు చివుక్కుమంది" అని ఆ తూటాల డబ్బా గురించి రాసిన చోట మాత్రం మనిషి కనిపించాడు. ఆ వాక్యం ఉంచు.

బోల్ట్ అంటే మన గడియే. పాతిళ్ళ తలుపు గడియ చూసే ఉంటావు. పిడి పైకి తిప్పి లాగితే వస్తుంది, తోసి కిందికి దించితే బిగుస్తుంది. ఇదీ అంతే. లోపల గడియ ముందు కొసన రెండు ఉక్కు కొమ్ములుంటాయి. పిడి దించినప్పుడు అవి తిరిగి గాడుల్లో ఇరుక్కుంటాయి. .308 వించెస్టర్ తూటా పేలితే చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా ఒత్తిడి పుడుతుంది. నీ వాడి చెంపకి బెత్తెడు దూరంలో దాన్ని ఆపేవి ఆ రెండు కొమ్ములే. ఇది తెలిసినవాడు గడియ దించేటప్పుడు పిడి అడుగంటా దిగిందో లేదో చూసుకుంటాడు. నీ వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు.

చేతికి తెలిసేది ఇంకోటుంది. పేల్చిన వెంటనే పిడి ఎత్తితే బరువుగా ఉంటుంది. వెంటనే దించి మళ్ళీ ఎత్తితే తేలిక. మొదటిసారి ఎత్తేటప్పుడు నువ్వు తూటాని పేల్చే పిన్ను స్ప్రింగ్‌ని కూడా వెనక్కి నొక్కుతున్నావు, రెండోసారికి అది నొక్కుకునే ఉంటుంది. మౌజర్ తరహా తుపాకుల్లో పిడి 90 డిగ్రీలు తిరగాలి. టిక్కాలో 70 చాలు. అందుకే వేళ్ళు పైనున్న స్కోపుకి, అంటే గురి చూసే దుర్బిణికి, కొట్టుకోవు. దుకాణంలో కౌంటర్ ముందు నిలబడి మూడుసార్లు గడియ ఆడించిన ఎవడికైనా ఇది తెలిసిపోతుంది. "పట్టులా జారింది" అన్నది ఏ గడియకైనా అతుకుతుంది.

ఇక నాలుగో పేజీ. "సేఫ్టీ వేసి, గడియ తెరిచి, లోపల తూటా ఉందో లేదో చూశాను." సేఫ్టీ అంటే తుపాకీ పేలకుండా ఆపే మీట. ఆ రైఫిల్‌లో సేఫ్టీ వెనక్కి లాగితే ట్రిగ్గర్‌తో పాటు గడియ కూడా బిగుసుకుంటుంది. లోపల తూటా ఉంటే, దాన్ని తియ్యాలంటే సేఫ్టీ ముందుకు తొయ్యాల్సిందే. అంటే పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని చేతుల్లో పెట్టుకుని ఖాళీ చెయ్యాలి. మూతి ఎవరూ లేని దిక్కుకి పెట్టి, వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంచి, ముందు మ్యాగజైన్ ఊడదీసి, ఆ తర్వాత సేఫ్టీ తీసి గడియ లాగి, ఛాంబర్లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి. కథకి కావలసిన ఉత్కంఠ అంతా కంపెనీవాడు ఉచితంగా ఇస్తే, నువ్వు దాన్ని వదిలేసి ఉరుములు మెరుపులు తెచ్చావు.

నీ తప్పొక్కటే కాదులే. ఇలాంటి కొలతలూ పనుల వరసా రాస్తే "పాఠకుడికి విసుగు" అని కొట్టేసే సంపాదకులున్నారు. వాళ్ళకి తెలిసిన మ్యాగజైన్ ఒక్కటే. ఉత్కంఠ కావాలంటారు, అది దేనిలో ఉందో చెబితే మాత్రం కత్తిరిస్తారు. వాళ్ళకోసం రాయకు.

కొనుగోలు సంగతి. హెచ్-1బీ మీద డల్లాస్ దగ్గర ఉంటున్నవాడు దుకాణానికెళ్ళి, కార్డు గీకి, తుపాకీతో బయటికి వచ్చేశాడు! అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాడు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఒకటి. కాబట్టి వరస ఇది: ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు (టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటాడాలంటే మామూలుగా అది ఉండాలి), తర్వాత లైసెన్సు, తర్వాత దుకాణం. అక్కడ 4473 అనే ఫారం నింపాలి. వీసా గురించి అడిగిన చోట అబద్ధం రాస్తే అది వేరే నేరం. తర్వాత కొనేవాడి పూర్వాపరాల తనిఖీ జవాబు కోసం నిలబడాలి: ప్రొసీడ్ (అమ్మొచ్చు), డిలే (ఆగాలి), డినై (అమ్మకూడదు). ఆ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చెయ్యకపోతే ఆ మినహాయింపే పోతుంది, బీరువాలో ఉన్న తుపాకీయే నేరమవుతుంది. మన వాళ్ళు హెచ్-1బీ ఆమోదం తెలిపే ఐ-797 కాగితం గడువు చూసుకుని నిద్రపోతారు కదా, దాని పక్కనే ఈ గడువు కూడా పెట్టి చూడు. అసలు కథ అక్కడుంది.

అన్నట్టు అక్టోబరు మధ్యలో వాణ్ణి రైఫిల్‌తో టెక్సస్‌లోని లానో వైపు జింక వేటకి పంపావు. అప్పుడు విల్లు బాణాల సీజను. రైఫిల్ సీజను మామూలుగా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది.

మొదటి గుండే 200 గజాల్లో నల్లచుక్కకి తగలడం నేను నమ్మను. పెట్టెలోంచి తీసిన తుపాకీ గొట్టంలో నూనె ఉంటుంది. పొడి గుడ్డ ముక్క వెనక నుంచి పంపి తుడవకపోతే మొదటి గుండు ఎటో పోతుంది. స్కోపు రింగుల స్క్రూలు ఒక పక్కే బిగించేస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది, వదులుగా ఉంటే రెండో దెబ్బకే స్కోపు ముందుకు జారుతుంది. ఎదురెదురుగా కొద్దికొద్దిగా, 15 నుంచి 18 అంగుళం-పౌండ్ల దాకా, రెండు వైపులా సందు సమానంగా ఉండేట్టు బిగించాలి. స్కోపుకి కన్ను మరీ దగ్గర పెడితే తన్నుడుకి కనుబొమ్మ చీలుతుంది. మూడున్నర అంగుళాల ఎడం వదలాలి.

తర్వాత 25 గజాల దగ్గర గురి సరిచేసుకోవడం. గడియ పూర్తిగా తీసేసి గొట్టంలోంచి చుక్కని చూసి, స్కోపు గీతని కూడా అదే చుక్క మీదికి తేవాలి. ఒక గుండు కాల్చి దగ్గరికి తెచ్చాక 100 గజాలకి పోవాలి. అక్కడ స్కోపు మరని ఒక క్లిక్కు తిప్పడం అంటే గురి పావు అంగుళం జరగడం, కాబట్టి 3 అంగుళాలు కింద పడితే 12 క్లిక్కులు పైకి. 25 గజాల్లో అదే 3 అంగుళాలకి 48 క్లిక్కులు కావాలి. ఈ లెక్క తప్పి అరపెట్టె తూటాలు తగలేసేవాళ్ళు బోలెడుమంది. మూడు కాల్చి గొట్టం చల్లారనివ్వాలి. 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండుకి 100 గజాల్లో సుమారు 2 అంగుళాలు పైన పెట్టుకుంటే 200 దగ్గర సరిగ్గా పడుతుంది.

రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, ఆ మొదటిరోజు తప్పకుండా జరిగేది ఇంకోటుంది. కొత్తవాడు గడియని మొహమాటంగా లాగుతాడు. అది అడుగంటా వెనక్కి రాకపోతే కింది తూటా అంచు వెనక్కి చేరదు, దాని మీదుగా జారిపోతుంది. గడియ మూసి, గురి చూసి, ఊపిరి బిగపట్టి నొక్కితే "టిక్". పక్క బల్లవాడు తల తిప్పి చూస్తాడు. నీ గర్జన కన్నా ఆ టిక్కు మీద నాకు మమకారం ఎక్కువ. ఇక పేలుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి మఫ్ఫులు పెట్టుకుని తీరాలి. మఫ్ఫులతో "దూరాన పిట్టల రెక్కల చప్పుడు" ఎలా విన్నాడో ఆలోచించు.

తాతయ్య ఘట్టం గురించి కాస్త మెల్లిగా చెబుతాను, నువ్వు మనసు పెట్టి రాసినట్టున్నావు కాబట్టి. నల్లమల అంచు పల్లెలో 1995లో తాతయ్య నాటు తుపాకీ గడియ లాగి కుందేలుని కొట్టాడు అన్నావు. నాటు తుపాకీకి గడియ ఎక్కడిది? తుపాకీ మందు, పీచు, గుళ్ళు అన్నీ మూతి నుంచే పోసి కడ్డీతో కూరాలి. రెండో దెబ్బకి మళ్ళీ మొదటి నుంచీ అంతా చెయ్యాలి. గడియే కావాలంటే ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఇవ్వు, దాంతోపాటు లైసెన్సూ ఇవ్వు. ఏది ఇచ్చినా 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ తర్వాత ఆ కుందేలు నేరమే. తాతయ్య దొంగచాటుగా కొట్టాడు. మనవడు ఫారాలు నింపి, రుసుము కట్టి కొడుతున్నాడు. ఇద్దరినీ ఒకే వెన్నెల్లో నిలబెట్టి "వారసత్వం" అనెయ్యడం తేలిక.

చివర్లో చచ్చిపోతున్న జింక కంట్లో నీటిచుక్క, దాన్లో అమ్మ ముఖం. తీసెయ్. పాతికేళ్ళుగా తెలుగులో తుపాకీ పేలితే జింక ఏడుస్తోంది. ఆ ఏడుపుకి బహుమతులు కూడా వస్తున్నాయి, అందుకే ఆగడం లేదు.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఏడో పేజీ సరిచెయ్. రేంజ్ నుంచి ఇంటికి బయల్దేరేటప్పుడు వాడు గడియ ఊడదీసి విడిగా పెట్టాడా, తుపాకీలోనే ఉంచాడా? రచనలో ఎక్కడా లేదు. అది రాసి పంపు.

ఉంటాను.