నీ ప్లేయరు మీద ఇప్పుడు తిరుగుతున్న రికార్డు గురించి

చిరంజీవి మేనల్లుడికి,

విజయనగరం నుండి మామయ్య ఆశీస్సులు. మీ అమ్మ చేత పంపిన ఉత్తరం అందింది. హైదరాబాదులో పాత రికార్డులు సేకరించేవారు నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తారనీ, ఆ నెలలో మనసుపడి వింటున్న రికార్డు ఒక్కటి ఎవరికి వారు తెచ్చి, దాని గురించి నాలుగు మాటలు చెప్పి, అందరికీ వినిపిస్తారనీ, వచ్చే నెల నీ వంతు అనీ రాశావు. తాతయ్య ట్రంకు పెట్టెలో నుంచి ఏది తీసుకువెళితే వాళ్ళు మెచ్చుకుంటారని అడిగావు. దాని పేరు నేను చెప్పలేను. ఈ నెలలో నీవు ఏ రికార్డును మళ్ళీ మళ్ళీ వేసుకున్నావో, రాత్రి పడుకోబోయే ముందు ఏది ఇంకొక్కసారి వినాలనిపించిందో నీకే తెలుసు. తీసుకువెళ్ళవలసింది అదే.

పాతికేళ్ళ వయసులో, మద్రాసులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, నేనూ ఇలాంటి కూడికకు మొదటిసారి వెళ్ళాను. మూర్ మార్కెట్టు అప్పటికి ఇంకా కాలిపోలేదు. 1985లో ఆ అగ్నిప్రమాదం జరిగే దాకా పాత ప్లేట్ల కోసం నా సెలవురోజులన్నీ అక్కడే గడిచేవి. అక్కడ బేరమాడి కొన్న నాగస్వరం ప్లేటు ఒకటి పట్టుకువెళ్ళి, దాని లేబులు రంగు గురించి, అమ్మినవాడికి దాని విలువ తెలియని సంగతి గురించి, అటువంటిది ఇంకెవరి దగ్గరా లేదన్న నా నమ్మకం గురించి పావుగంట సేపు మాట్లాడాను. అంతా ఓపికగా విన్న ఒక పెద్దాయన, "రాగం విడిచి కీర్తన అందుకునే చోట డోలు ఎలా వచ్చి చేరింది బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కొన్న రోజున, గీతలు పడ్డాయేమో చూసుకోవడానికి ఒక్కసారి వేసి, అట్టలో పెట్టేశాను. ఆయన తానే లేచి ముల్లు పెట్టి, కళ్ళు మూసుకుని విని, డోలు వచ్చి చేరిన చోట వేలెత్తి చూపించారు. నా సొంత ప్లేటును నేను సరిగ్గా విన్నది ఆ రోజు, ఆయన పక్కన కూర్చునే.

అప్పటి నుండి, పదిసార్లు వినని రికార్డును పదిమందిలోకి తీసుకువెళ్ళను. పదిసార్లు అంటే ఎక్కువ అనిపించవచ్చు కాని, నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పెద్దగా నడవదు గనుక, పదిసార్లు విన్నా అరగంటే అవుతుంది. ఆ మూడు నిమిషాల్లోనే ఆనాటి విద్వాంసులు, కచేరీలో ముప్పావుగంట పాడే రాగాన్ని దాని ముఖం చెడకుండా కుదించవలసి వచ్చేది. ఆ కుదింపులో వారు ఏది ఉంచుకున్నారు, ఏది వదిలేశారు అన్నది ఒకటి రెండుసార్లు వింటే తెలియదు. మా ఊరి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ఇక్కడి మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు, చిన్నప్పటి నుంచీ చూపు సరిగ్గా లేని మనిషి. ఆయన వయొలిన్ ప్లేటు ఒకటి మొదటిసారి వేసినప్పుడు నాకు గరగరే వినిపించింది. మూడోసారికి చెవి ఆ గరగరను పక్కకు నెట్టి, తీగ నాదాన్ని పట్టుకుంది. ఆరోసారో ఏడోసారో, ఒక దీర్ఘస్వరం మధ్యలో కమాను దిశ మారే చోటు తెలిసింది. అతుకు ఉందని తెలిసిన తరువాత కూడా అది అతుకులా వినిపించకపోవడం చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నీవు ఆ కూడికలో చెప్పవలసింది ఇటువంటి సంగతి. "ఫలానా చోట చెవి పెట్టి వినండి" అని ఒక్క చోటు చూపించగలిగితే నీ వంతు నెరవేరినట్టే.

దానికి ముందు రికార్డు వివరం ఒక్క నిమిషంలో స్పష్టంగా చెప్పు. కళాకారుడు, రాగం లేదా పాట, పక్కవాద్యాలు, ఏ వైపు, కంపెనీ, లేబులు మీది సంఖ్య, ఇంతే. పాత హెచ్‌.ఎం.వి. ఎల్‌.పి.ల (నిమిషానికి 33 చుట్లు తిరిగే వినైల్ ప్లేట్ల) మీద ఆ సంఖ్యకు ముందు ఇ.సి.ఎల్‌.పి. అని ఉంటే మోనో అనీ, ఇ.సి.ఎస్‌.డి. అని ఉంటే స్టీరియో అనీ గుర్తు. లేబులుకూ ముల్లు నడిచే చివరి గాడికీ నడుమ నున్నగా ఉండే చోట కూడా కొన్ని అంకెలు చెక్కి ఉంటాయి. దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చదివి, వాటినీ రాసుకో. ఒకే పాట వేర్వేరు అచ్చుల్లో వచ్చినప్పుడు ఎవరి దగ్గర ఏది ఉందో పోల్చుకోవడానికి అవే ఆధారం, నీవు చెప్పిన సంఖ్యను బట్టి మరొకరు తమ రికార్డును వెతికి తీసుకోగలుగుతారు. ధర మాత్రం ఎవరైనా అడిగితే తప్ప చెప్పవద్దు. ధర వినబడగానే గదిలో మాటలన్నీ దాని చుట్టూనే తిరగడం, ముల్లు పెట్టే వేళకు ఎవరి మనసూ పాట మీద లేకపోవడం నేను చాలాసార్లు చూశాను.

అందరి ఇళ్ళలోనూ ఉండే రికార్డు తీసుకువెళ్ళడానికి నీవు సంకోచిస్తున్నట్టు నీ ఉత్తరంలో తోచింది. ఆ సంకోచం వదిలిపెట్టు. 1963లో వచ్చిన ఎం.ఎస్‌. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్‌.పి. లేని పెట్టె మన వైపు అరుదు. గుడి మైకులో, పక్కింటి రేడియోలో, బస్టాండులో అది ఎంతగా వినిపించినా, కూర్చుని విన్నవారు మాత్రం తక్కువ. మంచి ముల్లుతో, గది నిశ్శబ్దంగా ఉన్న వేళ ఆ ఎల్‌.పి.ని వేసి, సుబ్బులక్ష్మి గారి గొంతుతో పాటు సాగే రాధా విశ్వనాథన్ గారి గొంతును మాత్రమే ఆసాంతం వెంబడించి చూడు. ఘంటసాల గారి భగవద్గీత సంగతి కూడా అంతే. 1974 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూయడానికి కొద్దికాలం ముందు పాడిన ఆ శ్లోకాలను మనవాళ్ళు చావు ఇంటి ముందు మోగించడం అలవాటు చేసుకున్నారు కనుక, ఇంట్లో వేయడానికే జంకేవారున్నారు. నేను మాత్రం ఏటా ఒకసారి పొద్దున్నే వేసుకుంటాను, ఆ అనారోగ్యపు రోజుల్లో కూడా మాటను అంత నిండుగా పలికిన గొంతును గొంతుగా వినడానికి.

ఈ నెల నా ప్లేయరు మీద తిరుగుతున్నది వీణ. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి ఎల్‌.పి. ఒకటి, ఆయన శిష్యుడు, కాకినాడ చిట్టిబాబు గారిది ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకదాని తరువాత ఒకటి వింటున్నాను. శాస్త్రి గారు ఒక్క మీటు మీటి, తీగను మెట్టు మీద పక్కకు లాగుతూ, నాదం అణగిపోయే లోపల నాలుగైదు స్వరాలు పలికిస్తారు. రికార్డులో ఆ నాదం తగ్గుతున్న కొద్దీ నా ఒళ్ళు ముందుకు వంగుతూ ఉంటుంది. శిష్యుడి దగ్గర అదే పట్టు ఉన్నా, మీటులో తళుకు ఎక్కువ, కోయిల కూతను వీణ మీద పలికించి జనాన్ని మురిపించిన చేయి అది. గురువునూ శిష్యుణ్ణీ ఇలా జంటగా వినిపిస్తే, కూర్చున్నవారిలో ఎవరో ఒకరు మూడో రికార్డు పేరు తప్పక చెబుతారు. నా పెట్టెలో మంచివనుకునే రికార్డులు చాలా వరకు అలా ఇంకొకరు చెప్పగా దొరికినవే. వేల కొద్దీ ప్లేట్లు సేకరించిన వి.ఎ.కె. రంగారావు గారి రాతలు దొరికితే చదువు. విన్నదాన్ని ఇంకొకరికి వినాలనిపించేలా చెప్పడం ఎలాగో వాటిలో నేర్చుకోవచ్చు.

ఇక రికార్డును సిద్ధం చేసే పని. ఇందులో నా వల్ల జరిగిన నష్టం ఒకటి చెబుతాను, నీ వల్ల జరగకూడదని. వానాకాలపు చెమ్మకు 78 ప్లేటు ఒకదాని మీద తెల్లగా బూజు పట్టింది. ఎల్‌.పి.ల వినైల్‌ను స్పిరిట్ కలిపిన నీళ్ళతో తుడవడం చూసి ఉన్నవాణ్ణి గనుక, దూదిని స్పిరిట్‌లో ముంచి దీన్నీ అలాగే తుడిచాను. దూది నల్లగా అయింది, మురికి వదులుతోందని సంతోషించి ఇంకా గట్టిగా రుద్దాను. వదిలింది మురికి కాదు, ప్లేటే. 78 ప్లేట్లను లక్కతో, రాతిపొడి కలిపి పోసేవారు. మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించేదీ లక్కే, తలుపులకు పాలిష్ పెట్టే వడ్రంగి స్పిరిట్‌లో కరిగించుకునేదీ లక్కే. ఆ ప్లేటు ఈనాటికీ ఒక జానెడు మేర మూగగా తిరుగుతుంది. కాబట్టి 78కి స్పిరిట్ వాసన కూడా తగలనివ్వవద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి సబ్బు చుక్క వేసి, గాళ్ళ వెంబడి గుండ్రంగా తుడిచి, లేబులు తడవకుండా చూసుకుని, వెంటనే ఆరబెట్టు.

ముల్లు విషయంలో, కూడిక జరిగే ఇంటివారిని ముందే అడుగు. 78 గాడికి సుమారు 75 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ముల్లు కావాలి, ఎల్‌.పి.కి 25 మైక్రాన్లు లేదా అంతకన్నా సన్నం. సన్నముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతూ గరగరనే చదువుతుంది, లావుముల్లును ఎల్‌.పి. మీద పెడితే గాళ్ళ అంచులు శాశ్వతంగా దెబ్బతింటాయి. వేగం కూడా చూసుకోవాలి. తొలినాళ్ళ ప్లేట్లు పేరుకు 78 అయినా అందులో చాలా వాటిని ఇంకా నెమ్మదిగా తిప్పి రికార్డు చేశారు. గాయకుడి శ్రుతి నీకు తెలిసి ఉండి, రికార్డులో అది ఒక మెట్టు పైన వినబడితే వేగం తగ్గించి సరిచూడు. ఎల్‌.పి. అయితే అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు యాభై సెంటీమీటర్ల దాకా పరుగెడుతుంది, లేబులు దగ్గర అది ఇరవైకి పడిపోతుంది. అందుకే చివరి పాటలో హల్లులు మసకబారినట్టు ఉంటాయి. రెండు పాటలు సమానంగా ఇష్టమైతే అంచు వైపున్నది వినిపించు. రాగాలాపనను మధ్యలో ముల్లెత్తి ఆపవలసి వచ్చే పెద్ద అంశం ఎంచుకోకుండా, చిన్న కృతి అయినా మొదలు నుంచి చివరి దాకా వినిపించగలిగేదాన్ని ఎంచుకో. తీసుకువెళ్ళేటప్పుడు నిలువుగా పట్టుకో. హైదరాబాదు ఎండలో కారు సీటు మీద అరగంట వదిలితే వినైల్ వంకర తిరుగుతుంది.

నీ వంతు అయిన తరువాత ఇతరుల రికార్డులను కూడా నిండా విను. ఎవరైనా నీ దగ్గర ఉన్న రికార్డే వినిపిస్తుంటే, నీ అచ్చు దీనికన్నా శుభ్రమైనదని అనవద్దు. అది ఆ మనిషికి ఆ నెలంతా తోడుగా ఉన్న రికార్డు. నచ్చితే ఒక వైపు ఇంకొకసారి వేయమని అడుగు, సేకరించేవాడికి అంతకన్నా తీపి మాట లేదు. అరువు మాత్రం అడగవద్దు, కాని నీ దగ్గర లేని పాటకు నకలు ఎక్కించుకోవచ్చా అని అడిగితే ఎవరూ కాదనరు, నీవూ కాదనవద్దు.

పండక్కి మీ అత్తయ్య వస్తూ మెత్తటి ముఖమల్ గుడ్డలు రెండు, లోపలి కాగితపు కవర్లు పాతిక తెస్తుంది. తాతయ్య ప్లేట్లను పడుకోబెట్టకుండా ఆ కవర్లలో నిలువుగా సర్ది పెట్టు. నీ వంతు అయిన మర్నాడు, నీవు ఏది వినిపించావో, వాళ్ళు ఏ చోటును మళ్ళీ వేయమన్నారో, ఎవరు ఏ మూడో రికార్డు పేరు చెప్పారో సంఖ్యలతో సహా రాయి.

ఆశీస్సులతో,
మామయ్య