ఫోన్ చూపిస్తేనే ముద్ద మింగే పిల్లలు: మా ఇంట్లో ఏం పనిచేసింది, ఏది బెడిసికొట్టింది

నాలుగేళ్ల పాప ఫోన్ లేనిదే ముద్ద మింగదని, కూర కనబడితే కంచం తోసేస్తుందని, బిస్కెట్లు, చిప్స్ మాత్రం అడిగి మరీ తింటుందని రాశారు. మంచి తిండి అలవాట్లు ఎలా నేర్పాలన్నది మీ ప్రశ్న. రెండున్నరేళ్ల కిందట మా ఇంట్లోనూ అచ్చం ఇదే సీను. మేముండేది హనుమకొండలో. నేను, మా ఆయన ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, బాబును చూసుకునేది అత్తమ్మ, మామయ్య. అప్పుడు వాడికి మూడున్నరేళ్లు, ఇప్పుడు ఆరు. నేను డాక్టర్‌ని కాను, మా ఇంట్లో జరిగింది మాత్రమే చెప్తాను.

"మా వాడు ఏమీ తినడు డాక్టర్ గారూ" అని పిల్లల డాక్టర్ దగ్గరికి పోతే, ఆయన బరువు చూసి, చార్టు మీద చుక్క పెట్టి, "ఎదుగుదల బాగానే ఉందమ్మా. మూడు రోజులు వాడి నోట్లోకి పోయిన ప్రతిదీ రాసుకురండి" అన్నారు. రాశాం. పొద్దున లేవగానే పెద్ద గ్లాసు పాలు, అందులో రెండు చెంచాల చాక్లెట్ పొడి. తొమ్మిదింటికి చక్కెర అద్దుకుని ఒక ఇడ్లీ. పదిన్నరకు నాలుగు బిస్కెట్లు. "అన్నం ఎలాగూ తినడు, పాలన్నా తాగనీ" అని పన్నెండింటికి మళ్లీ పాలు. ఒంటిగంటకు కార్టూన్ పెట్టి ముప్పావు గంట యుద్ధం. సాయంత్రం తాతయ్యతో షాపుకు పోయి అయిదు రూపాయల ప్యాకెట్. రాత్రి రెండు ముద్దలు, పడుకునే ముందు ఇంకో గ్లాసు పాలు. లెక్క చూస్తే రోజుకు ముప్పావు లీటరు పాలే. తినట్లేదని మేం ఏడుస్తున్న పిల్లాడికి అసలు ఆకలయ్యే టైమే లేదు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఆ వయసుకు 11 ఉండాలి. పాలల్లో ఐరన్ చాలా తక్కువ, పైగా కడుపు నింపేసి ఐరన్ ఉన్న తిండిని లోపలికి రానివ్వవు. ఐరన్ మందు రాశారు, పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులకు తగ్గించమన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం, తెలంగాణలో 70 శాతం ఉందని తర్వాత చదివాను. మా ఒక్క ఇంటి సంగతే కాదన్నమాట.

డాక్టర్ చెప్పిన ఇంకో మాటతో అత్తమ్మకు సగం టెన్షన్ తగ్గింది. పుట్టినప్పుడున్న బరువు ఏడాదికల్లా మూడింతలవుతుంది. రెండేళ్లు దాటాక మాత్రం పెరిగేది ఏడాదికి సుమారు రెండు కిలోలే. ఆకలీ దానికి తగ్గట్టే తగ్గుతుంది. "చిన్నప్పుడు గిన్నెడు తినేవాడు" అని మనం పోల్చుకుని బాధపడతాం, అంతే.

ముందు ఫోన్ సంగతి. మెల్లమెల్లగా తగ్గిద్దామని రెండు వారాలు చూశాం, కుదరలేదు. "ఇంకొక్క వీడియో" బేరంతోనే కంచంలో అన్నం ఎండిపోయేది. చివరికి ఒక శనివారం పూర్తిగా ఆపేశాం. మొదటి రోజు మధ్యాహ్నం ఏమీ తినలేదు, ఏడ్చి పడుకున్నాడు. రెండో రోజు నాలుగు ముద్దలు. అయిదో రోజుకు గొడవ సద్దుమణిగింది. పిల్లాడి కంటే మాకే ఎక్కువ కష్టమైంది. నేను కూడా తింటూ ఫోన్ చూసేదాన్ని, అత్తమ్మకు ఎనిమిదింటి సీరియల్ ఉండేది. రాత్రి భోజనం ఏడున్నరకు జరిపాం, అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీద. మా ఆయన ఇప్పటికీ దొంగచాటుగా క్రికెట్ స్కోరు చూస్తాడు, బాబు పట్టుకుంటాడు. వెనకటికి చందమామను చూపించి తినిపించలేదా అని మామయ్య వాదించారు. నిజమే, కానీ చందమామ చూపించే మనిషి పిల్లాడి మొహం చూస్తూ ఉండేది, చాలనగానే తెలిసేది. ఫోన్ పెట్టాక వాడు నోరు తెరుస్తున్నాడన్న ఒక్క సంగతే మాకు తెలిసేది.

పాలు రెండు గ్లాసులకు దించాం, అదీ తిన్న తర్వాతే. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మిగతా టైంలో నీళ్లే. అమెరికాలో ఎలిన్ సాటర్ అనే డైటీషియన్ చెప్పిన పద్ధతి ఒకటుంది. ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. వినడానికి తేలిక. మన ఇళ్లల్లో రెండో సగం ఎంత కష్టమో మీకు తెలుసు.

అత్తమ్మ కంచం పట్టుకుని వాడి వెనక మేడ మీదికి, మెట్ల మీదికి, పక్కింటి గేటు దాకా తిరిగేవారు. "వాణ్నే తిననీయండి అత్తమ్మా" అన్న రోజు ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "నా చేత్తో నాలుగు ముద్దలు పెడితే తప్పా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. తర్వాత ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: మొదటి గోరుముద్ద నానమ్మది, మిగతాది వాడి చేతిది. కింద పాత చీర పరిచాం, మెతుకులు రాలితే రాలనీ అని. కంచం తోసేస్తే "సరే నాన్నా, అయిపోయిందా" అని తీసేయడం, మళ్లీ టిఫిన్ టైం దాకా ఏమీ ఇవ్వకపోవడం. ఈ ఒక్కటి అత్తమ్మ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోరు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు అరటిపండు పెట్టేవారని నాకు తెలుసు. అరటిపండే కదా అని ఊరుకున్నా.

కూరల విషయంలో మార్గం చూపించింది కూడా ఆవిడే. కంచంలో కూర కలిపి పెడితే వాడు మొత్తం వద్దనేవాడు. అత్తమ్మ పప్పన్నం ముద్ద మామూలుగా పెట్టి, పక్కన చిటికెడు బీరకాయో బెండకాయ వేపుడో "నంజుకో" అని వేసేవారు. తినమని అడిగేవారు కాదు. పిల్లలు కొత్త రుచికి అలవాటు పడాలంటే పది, పదిహేనుసార్లు కంటపడాలని, నోట తగలాలని చెప్తారు. మనం మూడుసార్లు పెట్టి "వీడికి బెండకాయ పడదు" అని తీర్పిచ్చేస్తాం. మా వాడు బెండకాయను తొమ్మిదోసారో పదోసారో నోట్లో పెట్టుకున్నాడు, మొదట ఉమ్మేశాడు కూడా.

వంటింట్లోకి రానిచ్చాక ఇంకా మారాడు. చిక్కుడుకాయలు ఒలవడం, పుంటికూర ఆకులు తుంచడం, చపాతీ పిండి పిసకడం. పాత టబ్బులో గుప్పెడు మెంతులు చల్లితే నాలుగు రోజుల్లో మొలకలు, మూడు వారాల్లో కోతకొచ్చే కూర. "నా మెంతికూర" అని వచ్చిన వాళ్లందరికీ చూపించాడు. పప్పులో వేస్తే చేదని మొహం ముడుచుకుంటూనే తిన్నాడు.

బెడిసికొట్టినవీ చెప్పాలి. క్యారెట్ గ్రైండ్ చేసి దోసెపిండిలో కలిపాను. రంగు చూసి పట్టేశాడు, వారం రోజులు తెల్ల దోసెనూ నమ్మలేదు. "కూర తింటే చాక్లెట్" అన్నాను. మూడో రోజుకే "రెండు ముక్కలు తింటే ఎన్ని చాక్లెట్లు?" అని బేరం మొదలుపెట్టాడు. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని నేనే నేర్పించానన్నమాట. పక్కింటి పాపతో పోల్చడం అన్నిటికంటే పెద్ద తప్పు, ఆ పాప పేరు చెప్తే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటాడు.

ప్యాకెట్ల గురించి. ఇంట్లో పెట్టుకుని వద్దనడం కంటే కొనకపోవడమే తేలిక. మామయ్యతో సాయంత్రం షాపు మానిపించలేదు, అది వాళ్లిద్దరి సరదా. కాకపోతే ఇప్పుడు జామకాయ, ఉడికించిన మక్కకంకి, పల్లిపట్టి. ఆదివారం ఒక్కరోజు వాడికిష్టమైన ప్యాకెట్, ఎవరూ ఏమీ అనరు. పుట్టినరోజు కేక్ దగ్గర ఉపన్యాసాలు ఇవ్వం. పాలల్లో కలిపే పొడి డబ్బా మీద పదార్థాల జాబితా ఒకసారి చదవండి, ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది రూల్. మా డబ్బాలో చక్కెర రెండోది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ కూడా ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' విభాగంలో పెట్టొద్దని ఆన్‌లైన్ షాపులకు చెప్పింది. మేం దాని బదులు రాగిజావ మొదలుపెట్టాం. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. మొదట కొంచెం బెల్లం వేశాం, ఇప్పుడు మజ్జిగ కలిపి ఉప్పుతోనే తాగుతాడు.

పల్లీలు అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. మీ పాప వయసుకు పల్లీలు, శెనగల్లాంటివి గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి ఇవ్వండి. ద్రాక్షపళ్లు నిలువుగా చీల్చి ఇవ్వండి. ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించారో లేదో చూసుకోండి. బరువు తగ్గుతున్నా, ముద్ద మింగడానికి ఇబ్బంది పడుతున్నా, తరచూ వాంతులవుతున్నా, వేళ్లమీద లెక్కపెట్టేన్ని పదార్థాలు తప్ప ఏదీ ముట్టకపోయినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

మా వాడు ఇప్పటికీ కాకరకాయ ముట్టడు. నేనూ ముట్టను, అందుకే ఆ ఊసెత్తను. బీట్‌రూట్ చూస్తే పరుగే. మూడు నెలల ఐరన్ మందు తర్వాత హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది.

మీరు ఫోన్ ఆపే ముందు ఒక మూడు రోజులు పాప తిన్నదంతా కాగితం మీద రాయండి. పాలు, బిస్కెట్లు, పక్కింటివాళ్లు ఇచ్చిన చాక్లెట్‌తో సహా. ఇంట్లో పాపకు తినిపించే వాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం చూపించండి. మా ఇంట్లో అత్తమ్మ దాన్ని రెండుసార్లు చదివి, "ఇన్ని పాలా!" అని పొడి డబ్బా తీసి పైఅరలో పెట్టేశారు, నేనేమీ చెప్పకుండానే.