పేజీని తోమకు, సింధూ

చిరంజీవి సింధుకి పెదనాన్న ఆశీస్సులు.

బోనస్ డబ్బుతో వేలంలో మార్వెల్ కామిక్స్ వాళ్ల పాత ఒరిజినల్ పేజీ, అంటే అచ్చుకి ముందు చిత్రకారుడు చేత్తో గీసిన అట్ట, కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. తనకి గుండె గుభేలుమంది. నాకు ఛాతీ పొంగింది, ఆ రాత్రే దిగులూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

డబ్బు సంగతి ముందు. పాట ఆగిన ధర నువ్వు కట్టే ధర కాదు. 5000 డాలర్ల దగ్గర ఆగిందనుకో. వేలం సంస్థ కొన్నవాళ్ల దగ్గర అదనంగా తీసుకునే రుసుము, బయ్యర్స్ ప్రీమియం, 20 శాతమైతే 6000 అవుతుంది, దానిమీద మన డాలస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్, మరో 495. నువ్వు ఎంతవరకు పాడాలో ఈ లెక్క వేసుకుని ముందే కాగితం మీద రాసిపెట్టుకో. కవర్ కన్నా స్ప్లాష్, అంటే పేజీ నిండా ఒకే పెద్ద బొమ్మ ఉన్నది, చవక. స్ప్లాష్ కన్నా గడులుగా విడగొట్టిన మామూలు ప్యానెల్ పేజీ చవక, హీరో ముసుగు తీసేసి కూర్చుని మాట్లాడే పేజీ ఇంకా చవక. స్పైడర్‌మ్యాన్‌కి నల్ల డ్రెస్సు వచ్చే పేజీ ఒక్కటి, మైక్ జెక్ గీసింది, 2022లో 33.6 లక్షల డాలర్లకు పోయింది. అలాంటి అంకెలు చూసి లాభం కోసం కొనకు తల్లీ. రోజూ చూడాలనిపించే బొమ్మ కొనుక్కో.

అసలుదా కాదా అనేది మొదట టేపు పెట్టి కొలువు. 1967 ముందు పేజీలు పెద్దవి, బొమ్మే సుమారు 12½ × 18½ అంగుళాలు. ఆ తర్వాత 11 × 17 అట్ట మీద 10 × 15 బొమ్మ. 1965 సంచికది అని 11 × 17 అట్ట చూపిస్తే అక్కడితో లేచి వచ్చెయ్. అచ్చయిన సంచిక పక్కన పెట్టుకుని గీత గీతా పోల్చు. లైట్‌బాక్స్ మీద, అంటే కింద దీపం వెలిగే గాజు పలక మీద పెట్టి దిద్దిన నకలులో గీత తడబడుతుంది, తెల్లరంగు దిద్దుబాట్లు దాదాపు ఉండవు. పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఇంకు కింద పెన్సిల్ నొక్కిన గాడి కనపడాలి.

ఇక నా అసలు భయం. మన ఇళ్లలో పాత వస్తువు ఏది వచ్చినా చింతపండు పెట్టి తోమేదాకా చేతులు ఊరుకోవు. ఆ చేతులతోనే నేను ఒక పేజీ మార్జిన్లు ఎరేజర్‌తో తుడిచాను. మురికి అనుకున్నది మురికి కాదు. మార్వెల్‌లో ఆ రోజుల్లో కథ క్లుప్తంగా చెప్తే చిత్రకారుడు ముందు బొమ్మలు వేసేవాడు, ఏ గడిలో ఏం జరుగుతోందో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసేవాడు. అది చూసుకుని మాటలు తర్వాత రాసేవారు. మార్వెల్ చిత్రకారుడు జాక్ కిర్బీ పేజీల అంచుల్లో ఆయన చేతిరాత అలా మిగిలిందే. నేను తుడిచేసింది ఆ రాతనే. ఎరేజర్ అక్కడితో ఆగదు. అట్ట పైపొర నూగులా లేస్తుంది, పొడి కుంచెతో వేసిన గీతల నలుపు బూడిదరంగుకి దిగుతుంది, తెల్లరంగు పెచ్చులూడుతుంది. కాగితం ఆ చోట ఇప్పటికీ వేలికి గరుగ్గా తగులుతుంది. నీలి పెన్సిల్ గీతలు, రబ్బరు స్టాంపులు, వెనక కామిక్స్ కోడ్ (అప్పటి కామిక్స్ సెన్సారు) ముద్ర, కాఫీ మరక, ఏదీ ముట్టుకోకు.

అతికించిన మాటల బుడగ ఊడి రావచ్చు. అది రబ్బర్ సిమెంట్ అనే జిగురు పని. ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పట్టు వదిలేస్తుంది, కింద తేనెరంగు మచ్చ మిగులుతుంది. ఫెవికాల్ వద్దు, సెలోటేపు అసలే వద్దు. టేపు జిగురు కాగితం పోగుల్లోకి దిగితే మళ్లీ పైకి రాదు. బుడగని చిన్న మైలార్ (పారదర్శక ప్లాస్టిక్) కవర్లో వేసి ఏ గడిదో రాసిపెట్టు. పాత కాగితాలు బాగుచేసే నిపుణులు, పేపర్ కన్జర్వేటర్లు, గోధుమ స్టార్చ్ జిగురుతో అతికిస్తారు. దాన్ని కావాలంటే తడితో విప్పొచ్చు.

గోడకి తగిలించకు అనను, నీ ముచ్చట నాకు తెలుసు. ఇండియా ఇంకు కార్బన్, వెలుతురుకి వెలవదు. నలుపు నింపడానికి వాడిన మార్కరు మాత్రం గోధుమరంగుకో ఊదాకో తిరుగుతుంది. యూవీ కిరణాల్ని అడ్డుకునే అద్దం కూడా దాన్ని పూర్తిగా ఆపదు. ఎండ పడని గోడకి కొన్ని నెలలు పెట్టి, తీసి పాలీప్రొపిలీన్ కవర్ల ఫోలియోలో పడుకోబెట్టు. పీవీసీ కవరు ఇంకుకి అతుక్కుంటుంది. గరాజ్‌లోనూ అటక మీదా పెట్టావంటే టెక్సాస్ వేసవికి అట్ట వంకర్లు పోతుంది.

అమ్మేవాళ్లకి ముందే చెప్పు, పేజీకి రెండువైపులా ముడతల అట్టలు పెట్టమని. ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండాలి, అప్పుడు మధ్యకి విరగదు. టేపు కవరుకే వెయ్యాలి, పేజీకి తగలకూడదు. పార్సెల్ వచ్చాక చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వు. బ్లేడు లోతుగా దింపకు, అంచు మాత్రం కొయ్యి. విప్పేముందు ఒక్క ఫోన్ చెయ్యి, ఫ్రిస్కో నుంచి అరగంటలో వచ్చేస్తాను.

ఇట్లు,
పెదనాన్న