బాంబర్ పైలట్ల పతకాలు ధైర్యానికేనా? మా మామ్మ అడిగిన ప్రశ్న చెప్తాను

పైనుంచి బాంబు పడేసి వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడికి ధైర్యానికి పతకం ఏంటండీ, అందులో గొప్పేముంది అని అడిగారు మీరు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నాకు విమానాల గురించి తెలిసిందల్లా చదివిందే. అయినా ఈ ప్రశ్నకి నా దగ్గరో జవాబుంది, అది రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం నడిపిన లెనార్డ్ చెషైర్ అనే ఇంగ్లీషాయన దగ్గర మొదలై మా మామ్మ మంచం దగ్గర ఆగుతుంది.

ముందు లెక్క చూడండి. ఆ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో, అంటే వైమానిక దళంలో బాంబులు వేసే విభాగంలో, విమానాలెక్కినవాళ్లు సుమారు 1,25,000 మంది, చచ్చిపోయినవాళ్లు 55,573. పడేసి వచ్చేయడం అంత తేలికైతే ఇంతమంది ఎందుకు పోతారు? ఒక విడతకి 30 దాడులు, అవి పూర్తవకుండానే చాలామంది పోయేవాళ్లు. చెషైర్ 100 చేశాడు. 1944 సెప్టెంబరులో విక్టోరియా క్రాస్, అంటే ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం, ఇచ్చినప్పుడు కూడా ఫలానా రోజు ఫలానా ఘనకార్యం అని కాకుండా నాలుగేళ్లపాటు చేసినదానికి ఇచ్చారు. మధ్యలో 25 ఏళ్లకే గ్రూప్ కెప్టెన్ అనే పెద్ద ర్యాంకు ఇచ్చి కుర్చీలో కూర్చోబెడితే, ర్యాంకు తగ్గించుకుని మరీ 617 స్క్వాడ్రన్ అనే బాంబర్ దళంతో ఎగరడానికి వెళ్లాడు. ప్రమోషన్ వదిలేసి కిందికి దిగినవాణ్ణి మా ఆఫీసులో ఇంతవరకు చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు.

2016లో మామ్మకి తుంటి ఎముక విరిగి మంచాన పడింది. 86 ఏళ్లు. ఉద్యోగం మానుకున్నట్టే మానుకుని ఇంట్లో ఉండిపోయాను, మంచం మీద దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం అన్నీ నేనే. ఒక రాత్రి వాన, కరెంటు పోయింది. మా వైపు నాలుగు చినుకులు పడితే కరెంటు పోవాల్సిందే, అది వేరే కథ. సీరియల్ ఆగిపోయిందని మామ్మకి కోపం. సరే, ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ చెషైర్ కథ మొదలుపెట్టాను.

1944 ఫిబ్రవరి 8 రాత్రి, ఫ్రాన్స్‌లో లిమోజ్ అనే ఊరు. అక్కడి ఫ్యాక్టరీలో జర్మన్ల కోసం విమానాల ఇంజన్లు తయారవుతున్నాయి. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఫ్రెంచి ఆడవాళ్లే. చెషైర్ తన లాంకాస్టర్‌ని, నాలుగింజన్ల విమానం మామ్మా, ఏడుగురుంటారు, దాన్ని బాగా కిందికి దించి ఫ్యాక్టరీ మీదుగా పోనిచ్చాడు. బాంబు వెయ్యలేదు. తిరిగొచ్చాడు. వెయ్యలేదు. మూడోసారీ అంతే. ఆ మోతకి లోపలున్నవాళ్లు బయటికి పరిగెత్తాలని. నాలుగోసారి నిప్పు బాంబులు వేసి గుర్తు పెడితే, మిగతా 11 విమానాలు ఆ గుర్తు చూసుకుని ఫ్యాక్టరీని నేలమట్టం చేశాయి. అంత కిందికి దిగి మూడుసార్లు రావడమంటే, రండి కాల్చండి అని పిలిచినట్టే కదా.

మామ్మ మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. కాసేపాగి, "మరి కాకినాడ మీద ఏసినోడు ఒక్కసారైనా తిరిగేడేంట్రా?" అంది.

నాకు నోట మాట రాలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ల ర్యూజో అనే ఓడ మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా టెన్త్ సోషల్ పుస్తకంలో పెర్ల్ హార్బర్ చదివినట్టు గుర్తుందిగానీ కాకినాడ గురించి ఒక్క ముక్క చదివిన గుర్తు లేదు. మన ఊరి మీద పడ్డ బాంబు మనకే తెలియకపోతే ఎలాగండీ. మామ్మకి అప్పుడు 12 ఏళ్లు, వాళ్లది జగన్నాథపురం. మోత వినగానే వాళ్ల నాన్న ఎడ్లబండి కట్టించి అందర్నీ ద్రాక్షారామం దగ్గర చుట్టాలింటికి తోలేశాడట. దాలిలో పాలకుండ అలాగే ఉండిపోయింది, దింపేవాళ్లెవరూ లేరు. కొన్ని వారాల తర్వాత తిరిగొస్తే కుండ పగిలి ఉంది, లోపల పాలు నల్లగా మాడి అట్టకట్టి ఉన్నాయి. "మాయమ్మ బాంబుకి ఏడవలేదురా, ఆ కుండకేడిసింది" అని మామ్మ ఆ రాత్రి మూడుసార్లు చెప్పింది.

నిజం చెప్పాలంటే మామ్మ ప్రశ్న చెషైర్‌కి కూడా తగులుతుంది. బెర్లిన్ మీద వేసిన రాత్రుళ్లలో ఆయన మాత్రం ఎవరి కోసం తిరిగాడు? అక్కడా ఎవరో ఒకరి పాలు పొయ్యి మీదే ఉండుంటాయి. అందుకే సినిమాల్లో యుద్ధం పైలట్‌ని చూపించి, కింద ఉన్నవాళ్లని పొగ చేసి వదిలేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"తర్వాతేమయ్యేడు వాడు?" అంది మామ్మ. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు వేసినప్పుడు బ్రిటన్ తరఫున చూడ్డానికి పంపిన ఇద్దరిలో ఈయనొకడు, దూరంనుంచి ఇంకో విమానంలోంచి చూశాడు. యుద్ధం అయ్యాక, 1948లో, ఆర్థర్ డైక్స్ అని క్యాన్సర్‌తో చనిపోబోతున్న మనిషిని ఎక్కడా ఉంచుకోకపోతే తన ఇంటికి తెచ్చుకుని చివరిదాకా తనే చేశాడు. రోగుల కోసం, వికలాంగుల కోసం ఆయన పెట్టిన చెషైర్ హోముల్లో మొదటిది లె కోర్ట్ అనే ఆ ఇల్లే. 1956లో మన బొంబాయిలో, అంధేరిలో ఒకటి పెట్టాడు.

ఇది చెప్పేటప్పుడు నేను మామ్మ కింద దుప్పటి లాగుతున్నాను. "మంచం పట్టినోడికి మగాడే చేసేడా? పెళ్లాం లేదా?" అంది. పెళ్లయింది గానీ నిలవలేదు, 1959లో మళ్లీ బొంబాయిలోనే చేసుకున్నాడు, సూ రైడర్ అని ఆవిడా రోగుల కోసం ఇళ్లు నడిపేది అన్నాను. "అయితే పరవాలేదు" అని అటు తిరిగింది.

ఇంతకీ మీ ప్రశ్న. 100 దాడులకి పతకం ఇచ్చారు, ఇవ్వాల్సిందే, నాకు పేచీ లేదు. కానీ నేను ఎనిమిది నెలలు బెడ్‌పాన్ పెట్టిన మనిషిని, సొంత మామ్మకి చెయ్యడానికే రోజుకి రెండుసార్లు విసుక్కున్నాను. ఏ బంధుత్వమూ లేనివాడికి చేసిన ఆ కొన్ని నెలలకే నేనైతే పెద్ద పతకం ఇచ్చేవాణ్ణి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటి మీదుగా హెలికాప్టర్ ఒకటి పోయింది, ఎవరో నాయకుడిదే అయ్యుంటుంది. పిల్లలంతా వీధిలోకి పరిగెత్తారు. లోపల మంచంలోంచి మామ్మ కేకేసింది, "ఒరేయ్, ఇది ఒకటోసారి. పొయ్యి మీద పాలు దింపెయ్."