ముందు రష్యన్, తర్వాత మట్టి

అమ్మాయ్,

ఎమ్మే ఆర్కియాలజీ అయిపోవస్తోంది, మధ్య ఆసియా నగరాల మీద పని చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టను మామయ్యా అని అడిగావు కదా. రష్యన్‌తో మొదలుపెట్టు. తుర్క్‌మెనిస్తాన్‌లోని మెర్వ్ కానీ, ఉజ్బెకిస్తాన్‌లో సమర్‌కంద్ పక్కన అఫ్రాసియాబ్ కానీ, తజికిస్తాన్‌లోని పంజికెంట్ కానీ, ఈ పాత నగరాల్లో సోవియట్ కాలం నాటి తవ్వకాల రిపోర్టులన్నీ దాదాపు ఆ భాషలోనే ఉన్నాయి. అక్కడ పూర్వం వాడిన సోగ్డియన్ లిపి సంగతి తర్వాత చూడొచ్చు.

ఇక మట్టి. నాగార్జునకొండలో రాయీ, కాల్చిన ఇటుకా చూసి అలవాటైన కళ్లు అక్కడ పనికిరావు. అక్కడ గోడ పచ్చి ఇటుక, దాని మీద కూలిన గోడా పచ్చి ఇటుకే, మధ్యలో పేరుకున్న పూడికా అదే మట్టి. మొదటి తవ్వకాల సీజన్‌లో నేను పూడికే కదా అనుకుని ఒక గోడని మోకాలి లోతు తవ్విపారేశాను. తాజిక్ మేస్త్రీ ఒకాయన చూసి తిట్టలేదు, నీళ్లు చిలకరించి, పక్కన కూర్చోమన్నాడు. కాసేపటికి ఇటుక ఒకలా, అతుకు మట్టి ఇంకోలా ఆరుతూ, మిగిలిన గోడ గళ్లుగళ్లుగా తేలింది. పొద్దున ఏటవాలు ఎండలో ఇంకా బాగా కనిపిస్తుంది, పదకొండు దాటితే అంతా ఒకటే రంగు. కత్తితో గీకితే చప్పుడులో కూడా తేడా తెలుస్తుంది, కానీ దానికి నాకు మూడు సీజన్లు పట్టింది.

బంగారం మీద ఆశ పెట్టుకోకు. 1978లో అఫ్ఘానిస్తాన్‌లోని తిల్యా తెపేలో సోవియట్ ఆర్కియాలజిస్టు విక్టర్ సరియానిదికి ఇరవై వేలకు పైగా బంగారు వస్తువులు దొరికాయి, నిజమే, మనకి మాత్రం కుండ పెంకులే. కడగడం, నంబరు వేయడం, పెంకుల అంచుల బొమ్మలు గీయడం, పనిలో ముప్పాతిక అదే.

పది ఊళ్లు తిరగకు, ఒకటి పట్టుకో. రష్యన్ ఆర్కియాలజిస్టు బోరిస్ మార్షక్ 1954లో పంజికెంట్ వెళ్లారు, 2006లో అక్కడే పోయారు, సమాధి కూడా ఆ ఊళ్లోనే. అక్కడి ఎనిమిదో శతాబ్దపు ఇళ్ల గోడల మీద ఇరానీ వీరుడు రుస్తుం యుద్ధాలున్నాయి, కుందేలు సింహాన్ని నీళ్లలో దూకించిన మన పంచతంత్రం కథా ఉంది. అది గుర్తుపట్టడానికి నీకు ఏ పుస్తకమూ అక్కర్లేదు, మీ అమ్మమ్మ చెప్పిందే చాలు.

తవ్వకాల బృందాలకి చలికాలంలోనే మెయిల్ పెట్టు, మొదటిసారి జీతం అడగకు. ఛార్జీలకి డబ్బు లేకపోతే నాకు చెప్పు, మీ నాన్నకి కాదు.

మామయ్య