గట్టు కట్టేముందు నీళ్లకి దారి చూడు

చి॥ల॥సౌ॥ అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నరసరావుపేటలో కొన్న ఇంటి దొడ్లో పూలమళ్లు వేయిస్తున్నావనీ, గోడ వెంట సిమెంటు గట్టు కట్టించడానికి మేస్త్రీని మాట్లాడావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంబరపడ్డాను. రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు మేస్త్రీని ఆపు. గట్టుకి అంత డబ్బెందుకే? పాత ఇళ్లు పడగొట్టినచోట ఇటుకలు చవగ్గా ఇస్తారు. సగం పాతి, ఒకదానిమీద ఒకటి వాలేట్టు ఏటవాలుగా నిలబెట్టు. నాపరాయి ముక్కలైనా సరే. మూడడుగులకోచోట రెండువేళ్ల సందు వదులు. బంగాళా పెంకులు వద్దు, కింద తేళ్లు చేరతాయి. పిల్లాడు చెప్పుల్లేకుండా తిరుగుతాడు.

మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. రెండూ పునాదికే చేటు.

1990 వేసవిలో మన సత్తెనపల్లి ఇంటి దక్షిణపు గోడ వెంట కనకాంబరాల మడి వేశాను. జానెడెత్తు గట్టు, సిమెంటు పూత, పైన సున్నం. ఎక్కడా సందు లేదు. మీ తాతయ్య చూసి "నీళ్లు ఎటు పోతాయిరా?" అన్నారు. "మొక్కలు తాగుతాయి నాన్నా" అన్నాను. మే నెలలో తుపాను వచ్చింది. చూరు నీళ్లన్నీ ఆ మడిలోనే పడ్డాయి. అటు గోడ, ఇటు గట్టు, మధ్యలో కుడితితొట్టిలా నిండిపోయింది. అర్ధరాత్రి అమ్మమ్మ లాంతరు పట్టుకుంటే గునపంతో పొడిచాను. ఎంతకీ పెచ్చు ఊడదు. మట్టి అడుసుతో కట్టిన గోడ, లోపల మూరెడెత్తున చెమ్మ ఎక్కేసింది. ఆ గోడకి ఆనించిన మంచం మీద పచ్చిబాలింత మీ అమ్మ, పక్కన ఇరవైరెండు రోజుల నువ్వు. మంచం ఇవతలికి లాగాం. గోడ నిలిచింది. మరుసటి ఎండాకాలం నేల బిగిసినప్పుడు కిటికీ మూలనుంచి కిందిదాకా చీలింది, చిటికెనవేలు పట్టేంత. మీ తాతయ్య ఒక్కమాట అనలేదు. ఏటా దసరాకి సున్నం కలిపి ఆ బీట తనే పూడ్చేవారు. తిట్టినా బాగుండేదమ్మా.

చదువుకున్నదానివి, లెక్క వెయ్యి. చదరపు మీటరు డాబా మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మీ డాబా 1000 చదరపు అడుగులనుకో, 5 సెంటీమీటర్ల వానకి 4,500 లీటర్లు దాటతాయి. అవన్నీ ఒక్క గొట్టంలోంచి గోడ మొదట్లో పడనిస్తావా? గొట్టానికి ముక్క అతికించి పదడుగుల దూరం తీసుకుపో. గోడ దగ్గర మట్టి ఎత్తుచెయ్యి, ఆరడుగులకి నాలుగంగుళాలన్నా వాలు ఉండాలి. బకెట్ నీళ్లు కుమ్మరించి చూసుకో.

ఇంకుడుగుంత ఇంటికి దూరంగా, పల్లపు మూలన. ముందు అడుగున్నర గొయ్యి తీసి, నీళ్లు నింపి తెల్లారి చూడు. సగం మిగిలితే గుంత ఒక్కదాన్నే నమ్ముకోకు, పొర్లిన నీళ్లు వీధి కాలవలోకి పోయే దారి చెయ్యి. పక్కింటివాళ్ల గోడవైపు తిప్పావంటే ఊరుకోను. వాలులో వట్టివేరు నాటు, మట్టి కదలదు.

భయపెట్టానా తల్లీ? నీ మడిలో కనకాంబరాలు మీ అమ్మ జడలో చూడాలని నాకూ ఉంది. గోడకి మూడడుగులు ఇవతల వెయ్యి, చాలు. మృగశిర లోపల వస్తాను. గునపం నేనే తెస్తాను. మేస్త్రీ ఈపాటికే కట్టేసి ఉంటే ఇద్దరం కలిసి సందులు తీద్దాం.

మీ మావయ్య