ప్రపంచ క్లబ్ వాలీబాల్ బెంగళూరుకు వస్తే చిన్నస్వామిలో కాకుండా కోరమంగల ఇండోర్ స్టేడియంలో ఎందుకు ఆడించారు?

ప్రపంచ స్థాయి వాలీబాల్‌ను దాదాపు ఎప్పుడూ ఇండోర్‌లోనే ఆడిస్తారు, కాబట్టి క్రికెట్ మైదానం ఎంత పెద్దదైనా దీనికి పనికిరాదు. బంతి బరువు 260 నుంచి 280 గ్రాములే. గాలి కాస్త వీచినా సర్వీస్ దారి తప్పుతుంది.

ఇండోర్ హాల్ అయినంత మాత్రాన కూడా చాలదు. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. మామూలు పోటీలకు చుట్టూ 3 మీటర్ల ఖాళీ, పైన 7 మీటర్ల ఎత్తు సరిపోతాయి. ప్రపంచ పోటీలకైతే పక్కల 5 మీటర్లు, వెనక 6.5 మీటర్లు వదలాలి, పైన 12.5 మీటర్ల వరకు ఏ అడ్డూ ఉండకూడదు. ఎత్తు విషయంలో పట్టుదల ఎందుకంటే, బంతి పైకప్పును తాకితే అవుట్ కిందే లెక్క. గట్టి స్మాష్‌ను డిగ్ చేసినప్పుడు, అంటే నేలను తాకకముందే కింద నుంచి పైకి లేపినప్పుడు, బంతి ఎంత పైకి లేస్తుందో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన కాలేజీల ఇండోర్ హాళ్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, అది నిజంగా బాధాకరం.

2023 డిసెంబర్‌లో పురుషుల క్లబ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోరమంగలలో జరిగింది, ఇటలీ జట్టు పెరూజా గెలిచింది.

ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి జట్టుకే చోటు దక్కుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆతిథ్య దేశం తరఫున ఆడింది బెంగళూరు టార్పెడోస్ కాదు, అంతకుముందు మన దేశపు ప్రొఫెషనల్ లీగ్ అయిన ప్రైమ్ వాలీబాల్ లీగ్ ఫైనల్లో వాళ్లనే ఓడించిన అహ్మదాబాద్ డిఫెండర్స్.